గాయతోండే బొమ్మలో అసలు పని రంగుదా, టెక్స్చర్‌దా?

నూనెరంగులు:
మొన్న ఇక్కడ ఒకరు, ఆకారాలు లేని బొమ్మలు వేసిన చిత్రకారుడు వాసుదేవ్ గాయతోండే బొమ్మ ఫొటో పెట్టారు. ఆ బొమ్మ 1970 నాటిది, 2025 సెప్టెంబరులో వేలంలో 67.08 కోట్లు పలికింది. కింద అందరూ "రంగు అద్భుతం" అని రాసి వెళ్లిపోయారు. నేను ఒప్పుకోను. ఆయన దగ్గర పనంతా టెక్స్చర్‌దే, అంటే రంగు పొరల పైతలం తీరుదే. 60ల నుంచి ఆయన చేతిలో కనపడేవి రోలర్, పాలెట్ కత్తి. పల్చటి నూనెరంగు పొర మీద పొర వేస్తాడు. చింపిన పత్రిక కాగితం ముక్కలకి రంగు పట్టించి, కాన్వాసు మీద పెట్టి, పైన రోలర్ నడిపి, కాగితం ఎత్తేస్తాడు. కొన్నిచోట్ల కత్తితో గీకి కింది పొరని బయటికి తీస్తాడు. ఫోన్‌లో ఇదేమీ కనపడదు. పెళ్లి భోజనాన్ని ఫొటోలో చూసి ఉప్పు సరిపోయిందన్నట్టుంది మీ మెచ్చుకోలు.

నాగావళి:
రెండూ కలిసే ఉంటాయి కదండీ. విడదీయడం ఎందుకు?

గోదారి_బ్యానర్లు:
రోలర్ అంటే గోడలకి వాడేదే కదా మాస్టారూ? మా పేటలో రోజూ చూస్తాం. లప్పం పెట్టి, ఇసుక కాగితం కొట్టి, పైన రోలర్ తిప్పితే దాన్నీ టెక్స్చర్ అనే అంటారు. చదరపు అడుగుకి ఇంత అని రేటు. అదే రోలర్‌కి ఒకచోట కూలి, ఇంకోచోట కోట్లా?

నూనెరంగులు:
గోడకి రోలర్ దేనికి? ఎక్కడా తేడా రాకుండా రంగు సమంగా పరుచుకోవడానికి. గాయతోండే తేడా కోసమే తిప్పాడు. ఒత్తిడి పెరిగినచోట కింది రంగు పైకి వస్తుంది, తగ్గినచోట ముసుగు పడుతుంది. పనిముట్టు పేరు పట్టుకుని వేలాడొద్దు.

గోదారి_బ్యానర్లు:
వేలాడుతోంది మీరే. "రోలర్, రోలర్" అని మొదలుపెట్టింది ఎవరండీ?

ఎడిసన్_తెలుగు:
2014-15లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఆయన బొమ్మల ప్రదర్శన పెట్టినప్పుడు వెళ్లి చూశాను. మాస్టారి మాటతో నాకు పేచీ ఉంది. ఒక బొమ్మ దూరం నుంచి ఒకే రంగులా ఉంది. బాగా దగ్గరికి వెళ్తే పైన కాస్త తేటగా, కింద చిక్కగా, మధ్యలో ఎక్కడినుంచో వెలుతురు వస్తున్నట్టుంది. ఆ వెలుతురు టెక్స్చర్‌ది కాదు. పైపొర పల్చగా ఉండబట్టి లోపలి రంగు దాన్ని దాటి వస్తోంది. అంటే రంగే. టెక్స్చర్ దానికి దారి ఇచ్చింది, అంతే.

నూనెరంగులు:
దారే లేకపోతే మీకు ఆ రంగు కనపడేదా?

ఎడిసన్_తెలుగు:
రంగే లేకపోతే దారి ఎవరికి కావాలి?

గోదారి_బ్యానర్లు:
ఇప్పుడు నేను చెప్పేది వినండి. మా నాన్న సినిమా బ్యానర్లు వేసేవారు. వజ్రం జిగురు కాచి, జింకు పొడి కలిపి, గుడ్డకి పట్టించి, ఎండాక గళ్లు కొట్టి బొమ్మ దింపేవారు. హీరో మొహంలో ఒక చెంప నీలం, ఇంకో చెంప ఎరుపు, ముక్కు మీద పసుపు. అన్నీ కత్తితోనే, దిట్టంగా. పక్కన నిలబడి చూస్తే మొహమే కాదు, రంగు ముద్దలు. రోడ్డు అవతలికి వెళ్తే చెమట పట్టిన మనిషి చర్మం. దూరానికి ఏ రంగు ఎలా మారుతుందో, ఎంత మందం వేస్తే దానిమీద ఎండ ఎలా పడుతుందో ఆయనకి కొట్టిన పిండి. ఫ్లెక్స్ మిషన్లు వచ్చాక ఆ పని పోయింది. మిగిలిన రెండు ముక్కలు పట్టుకుని నేను హైదరాబాద్‌లో ఒక గ్యాలరీకి వెళ్తే, విప్పకుండానే "ఇది కమర్షియల్ వర్క్, మేం తీసుకోం" అన్నారు. విప్పకుండానే! మీరు చెప్పే టెక్స్చర్ వాళ్లకి గుడ్డ చుట్టలోంచి కనపడిందా?

హనుమకొండ_పిల్ల:
అన్నా, నీ కోపం గ్యాలరీ మీద. గాయతోండే మీద ఎందుకు తీస్తున్నవ్? ఆయన కూడా పైసలు చూసినోడు కాదు. ఢిల్లీల నిజాముద్దీన్‌ల ఒంటరిగ ఉన్నడు, ఏడాదికి కొన్ని బొమ్మలే ఏసేటోడు. 2001ల చనిపోయిండు. ఆయన బొమ్మొకటి 23.7 కోట్లు పలికింది 2013ల. అవ్వి ఆయన చేతికి రాలె.

ఎడిసన్_తెలుగు:
మన కాపీరైట్ చట్టంలో 53ఏ సెక్షన్ ఉంది. బొమ్మ మళ్లీ అమ్ముడైతే చిత్రకారుడికో వారసులకో 10 శాతం మించకుండా వాటా రావాలి. ఎంతమందికి అందుతోందో అడగాల్సిన ప్రశ్న అది.

నూనెరంగులు:
ధర గొడవ ఇక్కడ వద్దు. బ్యానర్లు గారూ, మీ నాన్నగారి పని మీద నాకు గౌరవమే. కానీ రెండూ ఒకటి కాదు. బ్యానర్‌లో కత్తి గీత హీరో మొహానికి పనిచేస్తుంది. మొహం కుదిరాక గీత పని అయిపోయింది. గాయతోండే దగ్గర అది దేనికీ పనిచెయ్యదు. చూడటానికే ఉంది. అందుకే అది పై మెట్టు.

గోదారి_బ్యానర్లు:
వచ్చింది అసలు మాట. పై మెట్టు! దేనికీ పనికిరాకపోతే గొప్ప, జనానికి పనికొస్తే తక్కువ. నీకు రంగూ టెక్స్చరూ ఏవీ అక్కర్లేదు, ఎవరు వేశారన్నదే కావాలి. మా నాన్న చేతికి అంటిన రంగు కిరసనాయిలు పోసి కడిగినా పోయేది కాదు. అది ఏ మెట్టు?

నూనెరంగులు:
నేను మనుషుల్ని మెట్లెక్కించలేదు. ముప్పయ్యేళ్లుగా బళ్లో పిల్లలకి బొమ్మలు నేర్పుతున్నాను. ఏ పిల్లాడు ఏది గీసినా ఇంట్లో మొదటి ప్రశ్న "ఇదేంటి? ఎందుకు పనికొస్తుంది?" రంగుని రంగుగా చూడనివ్వరు. చెట్టో దేవుడో సినిమా హీరోనో కావాలి. ఒక్కడు ఆ ప్రశ్నకి జవాబివ్వకుండా బతికాడు. అతన్ని కూడా నువ్వు రోలర్ పనికి దించేస్తుంటే ఊరుకోమంటావా?

గోదారి_బ్యానర్లు:
"దించేస్తుంటే" అన్నారు చూశారా. రోలర్ పని కిందే ఉందన్నమాట మీ లెక్కలో.

హనుమకొండ_పిల్ల:
మాస్టారూ, అన్న చెప్పింది మల్ల చదవుండ్రి. దగ్గరికెళ్తే ముద్దలు, దూరమెళ్తే చర్మం. ఎడిసనన్న చెప్పింది కూడ గదే కదా, దూరంకెంచి ఒక రంగు, దగ్గరికి పోతే లోపల వెలుగు. ఇద్దరు చూసేటోని అడుగుల లెక్క తెలిసినోళ్లే. మా కాలేజీల గాయతోండే పేరు చెప్పిన్రు. బ్యానర్ వేసినోళ్ల పేరు ఒక్కటి చెప్పలె. వజ్రం ఎట్ల కాస్తరో నాకు ఇయ్యాలనే తెలిసింది.

నాగావళి:
డిసెంబరులో ఢిల్లీ వెళ్తున్నాను. అక్కడ చూడొచ్చా?

నూనెరంగులు:
జైపూర్ హౌస్‌లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ సేకరణలో ఉన్నాయి. ఆ రోజు గోడ మీద ఉంటాయో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. సోమవారం సెలవు. పక్కనుంచి ఏటవాలుగా కూడా చూడండి, పొరలు తెలుస్తాయి. బ్యానర్లు గారూ, ఆ రెండు ముక్కల ఫొటోలు ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.

గోదారి_బ్యానర్లు:
ఫోన్‌లో ఏమీ కనపడదని మొదటి పోస్టులో రాసింది మీరే. రాజమండ్రి రండి, ఎండలో గుడ్డ విప్పి పరుస్తాను. అది చూశాక మెట్ల సంగతి మాట్లాడండి.