వైల్, ఆఫ్టర్, సిన్స్ తర్వాత ఐఎన్‌జీ రూపం: ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న (అమలాపురం, డీఎస్సీ అభ్యర్థి):
"వైల్ క్రాసింగ్ ది గోదావరి, ది రెయిన్ స్టార్టెడ్" తప్పని మోడల్ పేపర్ కీలో ఉంది. గోదావరి దాటుతుండగా వాన మొదలైంది అని మనం హాయిగా అంటాం కదండీ, ఇందులో తప్పేంటి? "యాజ్ సూన్ యాజ్ రీచింగ్ రావులపాలెం" కూడా కొట్టేశారు.

జవాబు (కాకినాడ):
గోదావరి దాటింది మీరండి, వాన కాదు. వైల్ తర్వాత కర్తని వదిలేసి క్రాసింగ్ అంటే, కామా తర్వాత వచ్చే కర్తే దాటినట్టు లెక్క. మన వాడుకలో ఆ పట్టింపు లేదు. "వాన కురిసి కాలవ నిండింది" అంటాం. కురిసింది వాన, నిండింది కాలవ, అయినా ఎవరికీ అడ్డు తగలదు. ఆ అలవాటే ఇంగ్లీషులోకీ వచ్చేస్తుంది.

దిద్దడానికి రెండు దారులు. కర్తని వెనక్కి తెచ్చి "వైల్ వుయ్ వర్ క్రాసింగ్ ది గోదావరి, ది రెయిన్ స్టార్టెడ్" అనండి. లేదా రెండో సగం మార్చి "వైల్ క్రాసింగ్ ది గోదావరి, వుయ్ గాట్ కాట్ ఇన్ ది రెయిన్" అనండి.

"ఆఫ్టర్ కంప్లీటింగ్ ది ఆనికట్ ఇన్ 1852, ది డెల్టా గాట్ వాటర్" కూడా ఇదే తప్పు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించింది కాటన్ దొర, డెల్టా కాదు. ఇలాంటివి పైకి సరిగ్గానే కనిపిస్తాయి, జాగ్రత్త. "ఆఫ్టర్ ది ఆనికట్ వాజ్ కంప్లీటెడ్" అంటే సరిపోతుంది.

జవాబు (భీమవరం):
రెండోదానికి నేను చెప్తానండి. యాజ్ సూన్ యాజ్ తర్వాత కర్త, క్రియ రెండూ పూర్తిగా ఉండాలి: "యాజ్ సూన్ యాజ్ వుయ్ రీచ్డ్ రావులపాలెం". మన "చేరగానే"కి పొట్టిగా కావాలంటే "ఆన్ రీచింగ్ రావులపాలెం" ఉంది. "అప్పుడు" అనే అర్థంలో వచ్చే యాజ్ కూడా అంతే, "యాజ్ వాకింగ్" చెల్లదు.

సిన్స్ దగ్గర ఇంకో మెలిక. "అప్పట్నుంచి" అయితే ఐఎన్‌జీ పెట్టొచ్చు: "సిన్స్ లీవింగ్ అమలాపురం, షీ హాజ్ నాట్ ఈటెన్ పనసపొట్టు కూర". రెండో సగంలో హాజ్ లేదా హావ్ ఉందో లేదో చూసుకోండి. "కాబట్టి" అర్థంలో అయితే కర్తని వదలకూడదు: "సిన్స్ షీ వాజ్ ఇల్".

అడిగినవారు:
మరి "బిఫోర్ క్లోజ్డ్ ఇన్ 1997, ది హేవ్‌లాక్ బ్రిడ్జ్ క్యారీడ్ ట్రైన్స్" సరేనా అండీ? కర్త ఒక్కటే కదా.

జవాబు (కాకినాడ):
కర్త కుదిరింది, రూపం కుదరలేదండి. వెన్, వైల్, వన్స్, అంటిల్ తర్వాత "వెన్ ఆస్క్డ్", "అంటిల్ కుక్డ్" లాగా మూడో రూపం నేరుగా వస్తుంది. బిఫోర్, ఆఫ్టర్, సిన్స్ మాత్రం మధ్యలో బీయింగ్ అడుగుతాయి: "బిఫోర్ బీయింగ్ క్లోజ్డ్ ఇన్ 1997".