హిందీలో ‘చేయగలను, వచ్చు, చేయలేకపోతున్నాను’ ఎలా చెప్పాలి?

ప్రశ్న:
హిందీ కొత్తగా నేర్చుకుంటున్నాను. ‘సక్‌నా’ అంటే ‘గలను’ అని పుస్తకంలో ఉంది. కానీ ‘నాకు ఈత వచ్చు’ అనడానికి ‘ముఝే తైర్‌నా ఆతా హై’ అని ఇచ్చారు, అక్కడ సక్‌నా లేదు. ఎక్కడ ఏది వాడాలి? భూతకాలంలో ‘నేను చదవలేకపోయాను’ అనడానికి ‘మైఁనే నహీఁ పఢ్ సకా’ అని రాస్తే తప్పన్నారు. ఎందుకని?

జవాబు 1:
ముందు తెలుగులోనే చూడండి. నేర్చుకున్న విద్య గురించైతే ‘నాకు ఈత వచ్చు, హిందీ వచ్చు’ అంటాం. హిందీ కూడా అదే దారిలో పోతుంది: ముఝే హిందీ ఆతీ హై, రవి కో తైర్‌నా ఆతా హై. ‘నాకు’ ఉన్నచోట ముఝే, ‘అతనికి’ ఉన్నచోట ఉసే, ‘మాకు’ ఉన్నచోట హమేఁ.

తేడా ఒక్కటే. మన ‘వచ్చు’ ఎవరికైనా దేనికైనా మారదు. హిందీలో మాత్రం వచ్చిన విద్యను బట్టి క్రియ మారుతుంది. హిందీ స్త్రీలింగం కాబట్టి ఆతీ, తైర్‌నా పుంలింగం కాబట్టి ఆతా. మాట్లాడేది ఆడవాళ్ళా మగవాళ్ళా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ‘ముఝే హిందీ ఆతా హై’ అని మనవాళ్ళు చేసే తప్పు ఇక్కడే పుడుతుంది.

‘రేపు రాగలను’ లాంటివాటికి సక్‌నా. క్రియలో చివరి ‘నా’ తీసేసి సక్‌తా, సక్‌తీ, సక్‌తే చేర్చాలి: మైఁ కల్ ఆ సక్‌తా హూఁ. ఆడవాళ్ళైతే ఆ సక్‌తీ హూఁ. ‘ఆనా సక్‌తా హూఁ’ అనకూడదు. సక్‌నా ఒంటరిగా నిలబడదు కూడా. ‘ఆ సక్‌తే హో?’ అని అడిగితే ‘హాఁ, ఆ సక్‌తా హూఁ’ అనాలి, ఉత్త ‘సక్‌తా హూఁ’ చాలదు.

ఇంకో మెలిక: తెలుగు ‘వచ్చు’ క్రియకు అతుక్కుంటే అర్థం మారిపోతుంది. ‘మీరు వెళ్ళొచ్చు’, ‘వాన పడొచ్చు’ అన్నవి విద్య కాదు, అనుమతి, అవకాశం. వీటికీ సక్‌నాయే: ఆప్ జా సక్‌తే హైఁ, బారిష్ హో సక్‌తీ హై.

జవాబు 2:
‘నే’ సంగతి. భూతకాలంలో సకర్మక క్రియకు కర్త పక్కన ‘నే’ పెట్టాలని నేర్పుతారు, దాంతో పఢ్‌నా కనబడగానే చెయ్యి ‘నే’ మీదికి పోతుంది. కానీ వాక్యం చివర ఉన్నది పఢ్‌నా కాదు, సక్‌నా. అది అకర్మకం. రెండు పక్కపక్కన పెట్టి చూడండి:

లడ్‌కే నే చిట్ఠీ పఢీ. (అబ్బాయి ఉత్తరం చదివాడు.)
లడ్‌కా చిట్ఠీ నహీఁ పఢ్ సకా. (అబ్బాయి ఉత్తరం చదవలేకపోయాడు.)

మొదటిదాంట్లో క్రియ చిట్ఠీ లింగాన్ని పట్టుకుంది. రెండోదాంట్లో చిట్ఠీని వదిలేసి లడ్‌కాను పట్టుకుంది. కర్త అమ్మాయైతే ‘లడ్‌కీ చిట్ఠీ నహీఁ పఢ్ సకీ’. కాబట్టి మీ వాక్యం ‘మైఁ నహీఁ పఢ్ సకా’ కావాలి. పని అయిపోయిందని చెప్పే చుక్‌నాకీ ఇదే పద్ధతి: మైఁ ఖానా ఖా చుకా హూఁ (నేను భోజనం చేసేశాను).

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడు అర్థమైందండీ. మరి ‘అర్థం చేసుకోలేకపోతున్నాను’ అనాలంటే ‘సమఝ్ నహీఁ సక్ రహా హూఁ’ అనొచ్చా?

జవాబు 2:
అనకూడదండీ. సక్‌నాకు ‘రహా’ అతకదు. అక్కడ పానా వాడాలి: మైఁ సమఝ్ నహీఁ పా రహా హూఁ. ప్రయత్నించినా కుదరలేదు అనే ఛాయ పానాలో ఉంటుంది, అందుకే ఎక్కువగా ‘నహీఁ’తోనే వినిపిస్తుంది. ‘రాత్రి నిద్రపోలేకపోయాను’ అంటే మైఁ రాత్ కో సో నహీఁ పాయా. ఇలా క్రియ పక్కన వాడినప్పుడు పానాకీ ‘నే’ రాదు. కానీ పానా ఒక్కటే ‘పొందడం’ అనే అర్థంలో వస్తే ‘నే’ తప్పదు: ఉస్‌నే ఇనామ్ పాయా.

జవాబు 3:
పైవాటికి తోడు ఇంకోటి. ‘నా వల్ల కాదు’ అని మనం అంటామే, దానికి ‘ముఝ్‌సే నహీఁ హోగా’ సరిగ్గా సరిపోతుంది. కాళ్ళు నొప్పులతో నడవలేనప్పుడు ‘ముఝ్‌సే చలా నహీఁ జాతా’ అంటారు. ఇక హైదరాబాద్ దక్కనీలో ‘మేరేకు’ అని వింటుంటారు. మాటల్లో ఇబ్బంది లేదు, పరీక్షలో మాత్రం ‘ముఝే’ లేదా ‘ముఝ్‌కో’ అనే రాయండి.