దొడ్డిగుమ్మం వైపు చూడదగ్గ విక్టోరియన్ ఎస్టేట్లు – చూసినవాళ్లు చెప్పండి

సున్నపుగోడ:
ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. సెప్టెంబర్‌లో బ్రిటన్ వస్తున్నా. జమీందారీ బంగళాల డ్రాయింగ్ రూములు, షాండ్లియర్లు ఫొటోల్లో చాలానే చూశాను. నాకు కావాల్సింది వెనకవైపు: వంటిల్లు, పాలగది, బట్టలుతికే గదులు, గుర్రపుశాల. 19వ శతాబ్దంలో వీటిని ఎలా ప్లాన్ చేశారో దగ్గరగా చూడాలి. ఒకటో రెండో చోట్లకే డబ్బులు సరిపోతాయి. ఎక్కడికెళ్లమంటారు?

ప్లిమత్‌పిల్ల:
ఇంకో ఆలోచన వద్దు, లాన్‌హైడ్రాక్. కార్న్‌వాల్‌లో బాడ్మిన్ దగ్గర. 1881 ఏప్రిల్‌లో అగ్నిప్రమాదంలో పాత ఇల్లు చాలావరకు కాలిపోతే రిచర్డ్ కోడ్ అనే ఆర్కిటెక్ట్ మళ్లీ కట్టాడు. అందుకని పనివాళ్ల వైపు అంతా ఒకే ప్లాను మీద లేచింది, తరతరాల అతుకులు తక్కువ.

వంటింట్లో అడుగుపెడితే ఏ పాత కాలేజీ హాల్లోకో వచ్చామనిపిస్తుంది. అంత ఎత్తు, పైన చెక్క దూలాలు, ఆ పైనెక్కడో కిటికీలు. వేడి, ఆవిరి అటు నుంచే పోవాలి మరి. చుట్టూ అంట్లు తోమే గది, రొట్టెల గది, మాంసానికి ఒకటి, చేపలకు ఒకటి, పేస్ట్రీలకు ఇంకోటి. పాలగదిలో మాత్రం ఎక్కువసేపు నిలబడండి. మధ్యలో పాలరాతి బల్ల, గోడల వెంట పలకరాతి అరలు, వాటిని చల్లబరచడానికి సన్నటి కాలువలు. ఇంటి వెనక గుట్ట మీద నీటిని గొట్టంలో తెచ్చి వాటిలో పారించేవాళ్లు. పక్క గదిలో మీగడ కాచేవాళ్లు. వేడి పని, చల్లటి పని పక్కపక్కనే, మధ్యలో గోడ.

గోదారిగట్టు:
ఇంతకీ వంటిల్లు ఆగ్నేయంలోనే ఉందా అమ్మా? 😀

ప్లిమత్‌పిల్ల:
వాళ్ల వాస్తు ఎండని బట్టి అండీ. పాలు, మాంసం దాచే గదులకు ఉత్తరం వైపు చూసుకునేవాళ్లు, అటు ఎండ పడదని. చాలాచోట్ల ఐస్ హౌస్ తలుపు కూడా ఉత్తరానికే. చెరువులో గడ్డకట్టిన మంచు కోసి, లోతైన ఇటుక గోతిలో నింపి, కరిగిన నీళ్లు పోవడానికి అడుగున తూము పెట్టేవాళ్లు.

ప్లానుపిచ్చి:
వెళ్లేముందు ఆ కాలం ఆర్కిటెక్ట్ రాబర్ట్ కెర్ రాతలు కాస్త తిరగెయ్యి తమ్ముడూ. 1864లోనే సూత్రం కట్టేశాడు: యజమాని కుటుంబం ఒకవైపు, పనివాళ్లు ఒకవైపు, ఈ వైపు జరిగేది ఆ వైపుకి కనపడకూడదు, వినపడకూడదు. బెర్క్‌షైర్‌లో ఆయన కట్టిన బేర్‌వుడ్‌లో ఆడ పనివాళ్లకి, మగ పనివాళ్లకి వేర్వేరు మెట్లు. ఇప్పుడది స్కూలు, ప్లాన్ చూసి సరిపెట్టుకోవాల్సిందే. వంటిల్లు భోజనాల గదికి దూరంగా ఉంటే చేతకాక అలా కట్టారనుకోవద్దు. వాసన రాకూడదనే ఆ దూరం, ఆ వంకర్ల నడవలు.

రాత్రిషిఫ్ట్:
వాసన సరే, కూర చల్లారదా? నేను హోటల్ కిచెన్‌లో చేశాను. పది అడుగులు ఎక్కువైనా వెయిటర్లు మా మీద అరుస్తారు.

ప్లానుపిచ్చి:
చల్లారేది. అందుకే భోజనాల గది పక్కన వడ్డన గది, అందులో వేడి అలమర. లాన్‌హైడ్రాక్‌లో అదీ ఉంది. ముందు సమస్య తెచ్చుకుని, తర్వాత దానికో గది కట్టుకోవడం ఆ కాలం వాళ్లకి అలవాటే.

మాంచెస్టర్‌మావయ్య:
నా ఓటు ఎర్డిగ్‌కి. వేల్స్‌లో, రెక్సమ్ దగ్గర. ఇల్లు 17వ శతాబ్దం నాటిదే కానీ టికెట్ కొని లోపలికి వెళ్లేదే పనివాళ్ల పెరళ్ల మీదుగా, వడ్రంగి పని, కమ్మరి పని జరిగిన చోట్లు చూసుకుంటూ. ఆ ఇంటి యజమానులు పనివాళ్ల బొమ్మలు గీయించి, వాళ్ల మీద తామే పద్యాలు రాసి గోడలకి పెట్టారు, 1850ల నుంచి ఫొటోలు కూడా. ఇంకెక్కడా నేను చూడలేదు.

బట్టల గదులు రెండు, తడి పనికి ఒకటి, పొడి పనికి ఒకటి. పొడి గదిలో ఉన్న మేంగిల్ చూడాలి. మంచమంత చెక్కపెట్టె, నిండా రాళ్లు. దుప్పట్లు చుట్టిన రోలర్ల మీద దాన్ని అటూ ఇటూ దొర్లించేవాళ్లు, మడతలు పోయేవి. నిప్పు లేని ఇస్త్రీ అన్నమాట. దాన్ని కదిలించిన ఆడవాళ్ల భుజాలు ఏమైపోయుంటాయో! మా ఆవిడ దాన్ని చూసి ఇంటికొచ్చాక వాషింగ్ మెషీన్‌కి దండం పెట్టింది.

రాత్రిషిఫ్ట్:
అందమైన ఆర్కిటెక్చర్ అంటున్నారు గానీ నాకు ఇదంతా మనుషుల్ని దాచడానికి పడ్డ తిప్పలే అనిపిస్తోంది. డెర్బీషైర్ కాల్క్ ఆబీలో తోటపనివాళ్లు కనపడకుండా పోవడానికి సొరంగమే తవ్వించారు. నేను అందులో నడిచాను.

సున్నపుగోడ:
రెండూ నిజమే కదండీ. ఆ తిప్పల వల్లే ఇంత జాగ్రత్తగా ప్లాన్ చేశారు. అది దాటి యంత్రాల మీద ఆధారపడిన ఇల్లేదైనా ఉందా?

టైన్‌నదిఒడ్డున:
క్రాగ్‌సైడ్, నార్తంబర్లాండ్. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంజనీరు, కర్మాగారాల యజమాని ఇల్లు. 1878లోనే నీటి శక్తితో కరెంటు తీసి దీపం వెలిగించాడు. వంటింట్లో మాంసం కాల్చే చువ్వ తిరిగింది, లిఫ్ట్ నడిచింది నీటి ఒత్తిడితోనే. పడకగదుల పొయ్యిలకి బొగ్గు కూడా ఆ లిఫ్ట్‌లోనే పైకి వెళ్లేది. అయినా ఆ బొగ్గుని లిఫ్ట్ దాకా తెచ్చేది, పైన దించి గదులకు మోసేది మనిషే. కాకపోతే నీకది బాగా దూరం.

సున్నపుగోడ:
అయితే లాన్‌హైడ్రాక్, ఎర్డిగ్ ఖాయం. కారు లేకుండా లాన్‌హైడ్రాక్ చేరడం ఎలా?

ప్లిమత్‌పిల్ల:
బాడ్మిన్ పార్క్‌వేలో రైలు దిగి నడిచేయండి, రెండు మైళ్ల లోపే. చెట్ల మధ్య నుంచి పాత గుర్రపు బండి దారి ఉంది, ఎస్టేట్ వాళ్లు స్టేషన్‌కి వెళ్లడానికి వేయించుకున్నదే. వాన పడితే బురద, మంచి బూట్లు వేసుకోండి. గదులు ఏ టైమ్‌లో తెరుస్తారో ముందురోజు వెబ్‌సైట్‌లో చూసుకోండి.