ఇన్‌స్పైర్ అవడానికీ ఎత్తేయడానికీ గీత ఎక్కడ గీయాలి?

కథలపిచ్చి:
రెండేళ్ల కింద నేనో కథ పోస్ట్ చేశా, అందులో ముసలమ్మ హార్లిక్స్ సీసా మూతలో ఉప్పు పోసుకుని కంచం పక్కన పెట్టుకుంటుంది, అది మా నాయనమ్మ అలవాటు, ఇంకెవరి దగ్గరా చూళ్ళేదు. మొన్నొక యూట్యూబ్ ఛానెల్లో అదే కథ వినిపించింది. ఊరు మారింది, ముసలమ్మ పేరు మారింది, కొడుకు దుబాయ్ బదులు మస్కట్ పోయాడు, మూత మాత్రం అలాగే ఉంది!! అడిగితే ఇన్‌స్పిరేషన్ అండీ అన్నారు, పైగా కామెంట్లలో ఒకాయన అలా అయితే మన పాత కవులందరూ కాపీ కొట్టినట్టే అన్నాడు. నాకు కడుపు రగిలిపోయింది.

నల్లమల:
మీ బాధ అర్థమైంది గానీ కొడుకు గల్ఫ్‌కి పోవడం, తల్లి ఎదురుచూడ్డం మన దగ్గర వాడకొకటి ఉంటయ్ కదండీ, అది ఎవరి సొంతం? 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పంజాబీ కుటుంబం, మద్రాసీ కుటుంబం, పిల్లల ప్రేమ, నాటకంలోనూ సినిమాలోనూ అదే, అయినా నాటకం రాసినాయన ఓడిపోయాడు. ఐడియాకి కాపీరైట్ లేదు, చెప్పిన తీరుకే ఉంది. ఇట్ల ప్రతిదానికీ దొంగ దొంగ అంటే కొత్తగా రాసేటోళ్లు భయపడతరు.

కథలపిచ్చి:
ఆ తీర్పులోనే ఇంకో మాట ఉందండీ, రెండూ చూసినవాడికి ఇది దాని కాపీయే అని గట్టిగా అనిపిస్తే తప్పే అని. ఇక పాత కవులంటారా, శ్రీనాథుడు సంస్కృత కవి శ్రీహర్షుడి నైషధ కావ్యాన్ని తెలుగు చేస్తే సంస్కృత పండితులు "నీ డుమువులు నువ్వు తీసుకుని మా నైషధం మాకిచ్చెయ్" అని, అంటే సంస్కృత మాటలకి డు, ము, వు, లు తగిలించావంతే అని వెక్కిరించారని చెప్పుకుంటారు. కానీ ఆయన దాచలేదే! మాతృకానుసారంగా, అంటే మూలాన్ని అనుసరించి రాశాను, రసం పోషించాను, అనౌచిత్యం పరిహరించాను అని తనే చెప్పుకున్నాడు. ఊరి పేరు మార్చి, మనిషి పేరు మార్చి, ఎక్కణ్ణుంచి తెచ్చారో చెప్పకపోవడం ఇన్‌స్పిరేషన్ ఎలా అవుతుంది, అలా మార్చేదే దొరక్కుండా ఉండటానికి కదా.

చిన్నక్క:
తమ్ముడూ, పేరు వేస్తే సరిపోతుందని మాత్రం నేను ఒప్పుకోను. శ్రీహర్షుడు శ్రీనాథుడికి రెండొందల ఏళ్ల పైన ముందువాడు, ఆయన్ని అడిగే వీలు లేదు. నువ్వు బతికే ఉన్నావు, ఫోన్ చేస్తే ఎత్తుతావు. కింద చిన్న అక్షరాల్లో కర్టసీ అని పడేసి కథంతా చదివేసి యాడ్స్ డబ్బులు తీసుకునేవాళ్లు బోలెడుమంది. మన చట్టంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది, బతికున్నవాణ్ణి అడగడానికి నామోషీ ఏంటి?

నల్లమల:
అడగాలె, అది ఒప్పుకుంటా అక్కా. మూత విషయంలో కూడా ఆయనదే రైటు, అది కళ్లతో చూసి పట్టుకున్నది, వేరేటోళ్లకి తట్టేది కాదు. గల్ఫ్ కొడుకుని మాత్రం అందరికీ వదిలెయ్యండి.

కథలపిచ్చి:
కొడుకుని వదిలేశానండీ, నిజంగానే. మూత వదల్ను. నేను పోస్ట్ చేసిన తేదీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టా, ఈ రాత్రికే ఛానెల్‌కి మెయిల్ పంపుతున్నా.