ముడిధాన్యం అని రాసి ఉన్న సీరియల్ నిజంగా ముడిధాన్యమేనా?

ప్రశ్న: మియాపూర్ వాసి

నమస్కారం. మా ఇంట్లో ఉదయం ఏడున్నరకల్లా నలుగురమూ బయటపడాలి. ఇడ్లీ పిండో దోశ పిండో ఉన్న రోజున ఇబ్బంది లేదు గానీ, వారంలో కనీసం మూడు రోజులు పాలలో ఏదో ఒక సీరియల్ వేసుకుని తినడం అలవాటైపోయింది. మా వారికి గత నెల చేయించిన రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు చక్కెర లెక్క, 6.1 వచ్చింది. ఇది ఇంకా షుగర్ కాదనీ, అంచున ఉన్నారనీ, ఇకనుంచి పొట్టు తీయని ధాన్యాలు తినమనీ డాక్టరు గారు చెప్పారు. దుకాణంలో అరగంట నిలబడి రెండు పెట్టెలు తెచ్చాను. ఒకటి మల్టీగ్రెయిన్ ఫ్లేక్స్, రెండోది తేనె, బాదం కలిపిన మ్యూస్లీ (ఓట్స్, ఎండు పండ్ల మిశ్రమం). రెండూ పిల్లలకు తెగ నచ్చేశాయి, నా అనుమానం అక్కడే మొదలైంది. కార్న్‌ఫ్లేక్స్ కూడా మొక్కజొన్నే కదా, అది ముడిధాన్యం కిందికి రాదా? పెట్టె మీద ఏమేమి చూసి కొనాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: తార్నాక పాఠకుడు

మీ అనుమానం సబబైనదేనండీ. గింజలో మూడు భాగాలుంటాయి: పైన పీచుతో కూడిన తవుడు పొర, లోపల పిండి, ఒక కొసన మొలక. ఈ మూడూ గింజలో ఉన్న పాళ్లలోనే మిగిలి ఉంటే, దాన్ని నూక చేసినా, రేకులుగా ఒత్తినా, పిండి పట్టినా ముడిధాన్యమే అవుతుంది. మామూలు కార్న్‌ఫ్లేక్స్‌కు వాడే మొక్కజొన్న నూకలో పై పొట్టునూ మొలకనూ ముందే తీసేస్తారు, ఎందుకంటే మొలకలోని నూనె నిల్వలో పాడై ముక్కవాసన వేస్తుంది. బొంబాయి రవ్వ గోధుమల నుంచే వచ్చినా పొట్టుతో ఉన్న గోధుమ రవ్వతో సమానం కాదు కదా, ఇదీ అంతే. ఇక మల్టీగ్రెయిన్ అనే మాటకు ఒకటికి మించి ధాన్యాలు ఉన్నాయనే తప్ప, వాటికి పొట్టు ఉందని అర్థం లేదు.

పెట్టె ముందు వైపున ఉన్నది అమ్మేవారు రాసుకున్నది, వెనుక ఉన్నది చట్టం రాయించినది. కాబట్టి తిప్పి చూడండి. పదార్థాలను బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరుసగా రాయాలన్నది నిబంధన. మొదటి పేరు ఓట్స్, పొట్టుతో ఉన్న గోధుమ, జొన్న, రాగి వంటిదై ఉండాలి. రెండో పేరో మూడో పేరో చక్కెర అయితే ఆ పెట్టెను అక్కడే పెట్టేయవచ్చు. అయితే ఇక్కడ ఒక కిటుకు ఉంది. తీపినంతా చక్కెర, తేనె, బెల్లం, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్ అని విడివిడిగా వేస్తే, కలిపి ఎంత ఉన్నా ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారిపోతుంది. అందుకే పోషకాల పట్టికలో వంద గ్రాములకు ‘కలిపిన చక్కెర’ ఎంతో తప్పకుండా చూడాలి. నా మటుకు నేను 5 గ్రాములు దాటితే కొనను.

పీచు విషయంలో, వంద గ్రాములకు కనీసం 3 గ్రాములుంటే పీచు ఉన్నదనీ, 6 గ్రాములుంటే సమృద్ధిగా ఉన్నదనీ చెప్పుకోవడానికి మన ఆహార భద్రతా సంస్థ నిబంధనలు అనుమతిస్తాయి. ఇంకొక సులువైన లెక్క కూడా ఉంది. పిండిపదార్థాల అంకెను పీచు అంకెతో భాగిస్తే 10 గానీ అంతకంటే తక్కువ గానీ రావాలి. ఏమీ కలపని ఓట్స్‌కు సుమారు 7, రాగులకు సుమారు 6 వస్తుంది. కార్న్‌ఫ్లేక్స్‌కు వేసి చూడండి, 20 దాటిపోతుంది.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ‘ఒక వడ్డన’ అనే మాట. దాన్ని సాధారణంగా 30 గ్రాములుగా లెక్కిస్తారు. ఒక ఆదివారం మా అమ్మాయి రోజూ తినే గిన్నెను వంటింటి త్రాసు మీద పెట్టి, తనకు అలవాటైనంత పోసుకోమన్నాను. 60 గ్రాములు తూగింది. ఆ పెట్టెలో కలిపిన చక్కెర వంద గ్రాములకు 24 గ్రాములు, అంటే పాలలో విడిగా ఏమీ వేయకుండానే పిల్ల కడుపులోకి పధ్నాలుగు గ్రాములకు పైగా, సుమారు మూడున్నర చెంచాలు వెళుతోందన్నమాట. పెట్టె మీద మాత్రం రోజువారీ పరిమితిలో 14 శాతమే అని ఉంది, ఎందుకంటే ఆ లెక్క 30 గ్రాముల వడ్డనకు, 50 గ్రాముల పరిమితికి వేసినది. 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఆ ప్రకారం సగానికి మించిన చక్కెర పొద్దున్నే అయిపోయినట్టు.

జవాబు: అనంతపురం నుంచి

ఇంత లెక్క వేసుకుని పెట్టె కొనడం కంటే రాగిజావ కాచుకోవడం సులువు కాదా అని నా అభిప్రాయం. రాగి గింజ మరీ చిన్నది, దాని పొట్టు గింజను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ఇంట్లో పట్టించిన పిండి దాదాపు ముడిధాన్యమే. పైగా వంద గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. చన్నీళ్లలో కలిపిన పిండిని మరిగే నీళ్లలో పోసి ఉండలు కట్టకుండా తిప్పితే పది నిమిషాల్లో అయిపోతుంది. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు వేసుకోవచ్చు. కొర్రలు, సామలు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. తెల్లగా మెరుస్తున్నవి పాలిష్ పట్టినవి. కాస్త మసకగా, తవుడు రంగుతో ఉన్నవాటిని కొద్దికొద్దిగా తెచ్చుకోండి, త్వరగా పురుగు పడతాయి. సజ్జపిండి సంగతి చెప్పనక్కరలేదు, వారం తిరిగేసరికి చేదెక్కుతుంది.

జవాబు: తార్నాక పాఠకుడు

రాగుల గొప్పతనాన్ని నేను కాదనను గానీ, ప్రశ్న అడిగినవారి భర్తకు చక్కెర అంచున ఉందన్న సంగతి మరువకూడదు. మెత్తని పిండిని నీళ్లలో బాగా ఉడికించినప్పుడు, అది ఏ ధాన్యమైనా సరే, త్వరగా అరిగి రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. షుగర్‌కు జావ మందు అన్నట్టు మాట్లాడుకోవడం సరికాదు. అదే రాగి రొట్టె, జొన్న రొట్టె, కూరగాయలు వేసిన కొర్రల ఉప్మా అయితే నయం. జావే కావాలనుకుంటే చిన్న గ్లాసుడు తాగి, పక్కన గుడ్డో, ఉడికించిన శనగలో తీసుకోమనండి. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే, తిన్న రెండు గంటలకు ఒకసారి చూసుకుంటే ఎవరి ఒంటికి ఏది పడుతుందో తెలిసిపోతుంది.

జవాబు: డాలస్‌లో ఉంటున్న తెనాలివాడిని

ఓట్స్‌లోనూ తేడాలున్నాయి. గింజను మూడు నాలుగు ముక్కలుగా కోసిన స్టీల్‌కట్ ఓట్స్ నిదానంగా అరుగుతాయి. ఆవిరి పట్టి ఒత్తినవి ఆ తరువాత. నీళ్లు పోస్తే చాలు తయారయ్యే ఇన్‌స్టంట్ రకం చివర. మసాలా ఓట్స్‌లో ఉప్పు ఎక్కువ, ఆ రకాన్ని లెక్కలోకి తీసుకోకండి. స్టీల్‌కట్ వండడానికి అరగంట పడుతుందని మానేస్తారు గానీ, రాత్రి నీళ్లలో నానబెడితే పొద్దున పది నిమిషాలు చాలు. మా ఇంట్లో ఉప్మాలాగా ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చి పోపు పెట్టుకుని నిమ్మకాయ పిండుకుంటాం. ఇక్కడివారు చూస్తే ఏమనుకుంటారో గానీ పిల్లలు గిన్నె ఖాళీ చేస్తారు.

ప్రశ్న అడిగినవారు: మియాపూర్ వాసి

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే రెండు పెట్టెలూ తిప్పి చూశాను. మల్టీగ్రెయిన్ దానిలో మొదటిది మొక్కజొన్న నూక, రెండోది చక్కెర, ఓట్స్ వాటా 3 శాతం. మ్యూస్లీ కొంత నయం, మొదటిది ఓట్సే గానీ తేనె, చక్కెర, చక్కెర పాకం పట్టిన బొప్పాయి ముక్కలు అన్నీ ఉన్నాయి. పారేయడానికి మనసొప్పక, మ్యూస్లీని ఏమీ కలపని ఓట్స్‌లో ఒకటికి మూడు పాళ్లు కలిపి డబ్బాకు ఎత్తాను. మల్టీగ్రెయిన్ పెట్టెను అటక మీద పెట్టాను, బంధువులొచ్చినప్పుడు వేయించి కారప్పొడి జల్లి చుడువాలా పెడతాను. మా వారు మాత్రం రేపటినుంచి తెనాలివారు చెప్పిన పోపు ఓట్స్ తింటానంటున్నారు. వాటికి నీళ్లు ఎంతకు ఎంత పోయాలో కూడా చెప్పగలరా?

జవాబు: డాలస్‌లో ఉంటున్న తెనాలివాడిని

కప్పుకు మూడు కప్పుల నీళ్లండీ. నానబెట్టిన నీళ్లు కూడా అందులో లెక్కే. పలుకుగా కావాలంటే అర కప్పు తగ్గించండి.