జోహ్రా సెహగల్ లండన్ సంవత్సరాలు: 1962కూ 1984కూ మధ్య ఏం జరిగింది?

రంగస్థలప్రియ:

జోహ్రా సెహగల్ గారిని నాబోటి వాళ్లందరం హిందీ సినిమాల్లోని చిలిపి బామ్మగానే ఎరుగుదుం. 'దిల్ సే', 'హమ్ దిల్ దే చుకే సనమ్', 'చీనీ కమ్' చూసినవారికి ఆ నవ్వు గుర్తుండే ఉంటుంది. అయితే ఆమె అంతకుముందు మూడు దశాబ్దాలపాటు బ్రిటన్‌లో నటిగా బతికారన్న సంగతి నాకు ఈ మధ్యే తెలిసింది. 1912లో సహారన్‌పూర్‌లో పుట్టిన ఆమె, 1962లో నాటకరంగ ఉపకారవేతనం మీద లండన్ చేరేసరికి యాభై ఏళ్లవారు. అక్కడి సామాన్య ప్రేక్షకులు ఆమెను గుర్తుపెట్టుకున్నది మాత్రం 1984లో, 'ది జ్యుయెల్ ఇన్ ది క్రౌన్' టీవీ ధారావాహికలో లేడీ ఛటర్జీ వేషం తరువాతనేనని అంటారు. అంటే నడుమ ఇరవై రెండేళ్లు గడిచిపోయాయి. ఆ కాలమంతా ఆమె ఏం చేశారు? ఇక్కడ అంత పేరున్న మనిషికి అక్కడ అంత ఆలస్యం ఎందుకు జరిగింది? ప్రశంసలు చాలాచోట్ల చదివాను కనుక, తెలిసినవారు వివరాలు చెబితే సంతోషిస్తాను.

పాతరీళ్లు:

ముందుగా ఆమె లండన్‌కు ఏం పట్టుకొని వెళ్లారో చూడాలి. 1930ల మొదట్లోనే జర్మనీలోని డ్రెస్డెన్‌లో మేరీ విగ్‌మన్ పాఠశాలలో ఆధునిక నృత్యం నేర్చుకున్నారు. 1935లో నర్తకుడు ఉదయ్ శంకర్ బృందంలో చేరి ఎన్నో దేశాల్లో ప్రదర్శనలిచ్చారు, ఆ తరువాత అల్మోడాలోని ఆయన కేంద్రంలో పాఠాలు చెప్పారు. అక్కడే పరిచయమైన కామేశ్వర్ సెహగల్‌ను 1942లో పెళ్లాడారు. 1945 నుంచి దాదాపు పద్నాలుగేళ్లు పృథ్వీరాజ్ కపూర్ నాటకసంస్థ పృథ్వీ థియేటర్‌తో ఊరూరా తిరిగారు. (మన హైదరాబాదు ఆడపడుచు షౌకత్ కైఫీ గారు కూడా ఆ సంస్థలో నటించారు, షబానా ఆజ్మీ తల్లి అంటే అందరికీ తెలుస్తుంది.) 1959లో భర్త మరణించాక ఢిల్లీకి మారి, అక్కడి నుంచి లండన్ వెళ్లారు. అంటే ఆమె అక్కడికి వెళ్లింది అవకాశాల కోసం ఎదురుచూసే అమ్మాయిగా కాదు. పాతికేళ్ల రంగస్థలానుభవం ఉన్న, ఇద్దరు పిల్లల తల్లిగా వెళ్లారు.

ఆ అనుభవానికి తగిన వేషాలు అక్కడ లేవు. మొదట్లో రామ్ గోపాల్ నృత్యపాఠశాలలో పాఠాలు చెప్పారు. 1964లో కిప్లింగ్ కథ ఆధారంగా బీబీసీ తీసిన నాటకంలో నటించారు, 1965లో 'డాక్టర్ హూ' అనే బీబీసీ సైన్స్ కల్పనా ధారావాహికలోని 'ది క్రూసేడ్' కథలో చిన్న వేషం వేశారు. 1969లో జేమ్స్ ఐవరీ తీసిన 'ది గురు' చిత్రంలో ఉన్నారు. 1976-77లో బీబీసీ కోసం 'పడోసీ' అనే కార్యక్రమాన్ని 26 భాగాలపాటు నడిపించారు. బీబీసీ 1965 నుంచీ ఉపఖండం నుంచి వలస వచ్చినవారి కోసం ప్రత్యేక కార్యక్రమాలు ప్రసారం చేస్తూ ఉండేది. 'పడోసీ' ఆ కోవలోనిదే. కాబట్టి మీరనే ఇరవై రెండేళ్లు ఖాళీగా గడిచినవి కావు. పని ఉంది గాని, పేరు తెచ్చే పని లేదు.

ఎందుకు లేదన్నదానికి ఒక్క ఉదాహరణ చాలు. 1974లో మొదలైన 'ఇట్ ఏంట్ హాఫ్ హాట్ మమ్' అనే బీబీసీ హాస్య ధారావాహిక జరిగేది దేవ్‌లాలీ సైనిక శిబిరంలో. అందులో ముఖ్యమైన భారతీయ పాత్ర రంగీ రామ్‌ను ముఖానికి గోధుమరంగు పులుముకొని వేసింది మైకేల్ బేట్స్ అనే ఆంగ్లేయుడు. (ఆయన పుట్టింది ఝాన్సీలో, ఉర్దూ కూడా వచ్చు అని వెనకేసుకొచ్చేవారున్నారు. అది నాకు సమాధానంగా తోచదు.) 1984లో, అంటే జోహ్రా గారికి పేరొచ్చిన ఏడాదిలోనే, డేవిడ్ లీన్ 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' చిత్రంలో గోడ్బోలే అనే బ్రాహ్మణ ఆచార్యుడి పాత్రను అలెక్ గిన్నెస్‌కు ఇచ్చారు. మగవేషాల సంగతే ఇట్లా ఉంటే, యాభై దాటిన భారతీయ స్త్రీకి కథలోనే చోటు లేకపోవడంలో వింతేముంది?

లెస్టర్‌వాసి:

పాతరీళ్లు గారు చెప్పిన కారణం నిజమే గాని, అదొక్కటే కాదని నా ఉద్దేశం. ఆసియా స్త్రీకి వేషాలు బొత్తిగా లేకపోలేదు. ఉన్న వేషాలు ఏ తరహావన్నది చూడాలి. 1977లో మొదలైన 'మైండ్ యువర్ లాంగ్వేజ్' అనే హాస్య ధారావాహికను మనవాళ్లలో చాలామంది చూసే ఉంటారు. అందులో ఎప్పుడూ ఊలు అల్లుకుంటూ, ఇంగ్లీషు ముక్క రాక తికమకపడే జమీలా పాత్ర వేసిన జమీలా మాసీ పుట్టింది సిమ్లాలో, పెరిగింది బ్రిటన్‌లో. ఆమెకు ఇంగ్లీషు బాగా వచ్చు, అయినా రాని మనిషిగా నటించడమే ఆమెకు దొరికిన పని. ఇక జోహ్రా గారు చదివింది లాహోరులోని క్వీన్ మేరీ కళాశాలలో. ఆ ఉచ్చారణ, ఆ నిటారు నడక, ఆ కళ్లలోని కొంటెతనం ఆనాటి టీవీ రచయితలు రాసిన వలస ఇల్లాలి పాత్రలో ఇమిడేవి కావు.

1980ల్లో పరిస్థితి మారింది. రాజ్ కాలపు, అంటే ఇండియాలో బ్రిటిష్ పాలన నాటి, కథలమీద బ్రిటన్‌లో మోజు పెరిగింది, గ్రనాడా టీవీ సంస్థ పాల్ స్కాట్ నవలలను 'ది జ్యుయెల్ ఇన్ ది క్రౌన్' పేరుతో పద్నాలుగు భాగాలుగా తీయడానికి పూనుకుంది. దానికి దొరల బంగళాలో దొరసానితో సమానంగా కూర్చొని మాట్లాడగల రాచకుటుంబపు భారతీయ వితంతువు కావలసి వచ్చింది. అంతకాలం అక్కరకు రాని ఆ ఉచ్చారణే అప్పుడు అర్హత అయింది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. దీన్ని ఆలస్యంగా వచ్చిన గుర్తింపు అనేకంటే, ఆమెకు సరిపోయే పాత్రను అక్కడి పరిశ్రమ ఊహించుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టిందనడం న్యాయం. ఊహించినప్పుడైనా గతకాలపు ఇండియాలోనే ఊహించింది, లండన్ వీధిలో కాదు. లేడీ ఛటర్జీ వేషాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ మెలిక మరిచిపోకూడదు.

మరో నటి మధుర్ జాఫ్రీ దారి చూడండి. 1933లో ఢిల్లీలో పుట్టి, లండన్‌లోని రాడా అనే నాటక కళాశాలలో నటన నేర్చుకొని, 1965లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటిగా బహుమతి పొందిన ఆమెను బ్రిటన్‌లో ఇంటింటికీ చేర్చింది మాత్రం 1982లో బీబీసీ ప్రసారం చేసిన వంటల కార్యక్రమం. నటిగా ఆమెకు దక్కని కేంద్రస్థానం గరిట పట్టుకున్నాక దక్కింది. ఆ కార్యక్రమంలోనూ ఆమె చేసింది నటనేనని నేనంటాను, కాని అది వేరే చర్చ.

పాతరీళ్లు:

లెస్టర్‌వాసి గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. లండన్ వీధిలో ఊహించలేదన్నది మాత్రం సవరించాలి. 1982 నవంబరులో మొదలైన ఛానెల్ 4 అనే బ్రిటిష్ టీవీ ఛానెల్‌కు అల్పసంఖ్యాక వర్గాల అభిరుచులను పట్టించుకోవలసిన బాధ్యత చట్టరీత్యా ఉండేది. అందులోంచి వచ్చినదే 1985-87 నడుమ ప్రసారమైన హాస్య ధారావాహిక 'తందూరీ నైట్స్'. పూనాలో పుట్టిన ఫరూఖ్ ధోండీ దాని సృష్టికర్త. లండన్‌లోని ఈలింగ్‌లో ఎదురెదురుగా ఉన్న రెండు భారతీయ రెస్టారెంట్ల పోటీ అందులోని కథ. సయీద్ జాఫ్రీ ఒక దాని యజమాని, జోహ్రా గారు ఆ ఇంటి పెద్దావిడ. ఆ రెస్టారెంటు పేరేమిటో తెలుసా? 'ది జ్యుయెల్ ఇన్ ది క్రౌన్'. ఎదుటివాడి దాని పేరు 'ది ఫార్ పెవిలియన్స్', అదీ ఆ రోజుల్లోనే వచ్చిన మరో రాజ్ ధారావాహిక పేరే. ఏడాది కిందట లేడీ ఛటర్జీగా కనిపించిన మనిషే వచ్చి ఆ బోర్డు కింద నిలబడటంలోని ఎగతాళిని ఎంతమంది పట్టించుకున్నారో గాని, నాకు మాత్రం ఆమె బ్రిటిష్ జీవితంలో అన్నిటికంటే నచ్చిన ముచ్చట అదే. 1993లో గురీందర్ చడ్డా తీసిన 'భాజీ ఆన్ ది బీచ్' చిత్రం వచ్చేసరికి, వలస కుటుంబాల్లో పెరిగిన ఆడవాళ్లే రాసి, తీసిన కథలో ఆమె పుష్ప అనే పెద్దావిడగా ఉన్నారు. ఈ దశను లెక్కలోకి తీసుకోకపోతే ఆమె కథ సగమే చెప్పినట్లవుతుంది.

రంగస్థలప్రియ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నా ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉందని ఇప్పుడు తెలిసింది. పేరు రాని కాలాన్ని పని లేని కాలంగా లెక్కగట్టాను. అరవైలలో ఆమె వేసిన చిన్న వేషాలు, ముఖ్యంగా మీరు చెప్పిన 'డాక్టర్ హూ' భాగాలు, ఇప్పుడు చూడటానికి వీలుంటుందా?

పాతరీళ్లు:

పూర్తిగా వీలుకాదు. ఆ రోజుల్లో టేపు ఖరీదైనది కావడంతో బీబీసీ పాత రికార్డింగులను చెరిపేసి, వాటి మీదే కొత్తవి తీసేది. పునఃప్రసారానికి పనికిరావనుకున్న ఫిల్ము ప్రతులను కూడా ధ్వంసం చేసేది. 'ది క్రూసేడ్' నాలుగు భాగాల్లో మొదటిదీ మూడోదీ మిగిలాయి, రెండోదీ నాలుగోదీ బొమ్మగా లేవు. అప్పట్లో కొందరు అభిమానులు ఇంట్లో టీవీ ముందు టేపు రికార్డరు పెట్టుకొని శబ్దం పట్టి ఉంచారు కనుక, ఆ రెండు భాగాలను వినడానికి మాత్రం వీలవుతుంది.