అప్‌డేట్: రెండు కాపీల్లో శ్రుతి ఎందుకు తేడాగా ఉందో తెలిసింది

మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' నా దగ్గర రెండు కాపీలున్నాయని, పాత ఎల్పీలో మొదటి సైడ్ శ్రుతి కాస్త పైకి వినిపిస్తోందని, టర్న్‌టేబుల్ పాడైందేమోనని అడిగాను కదా. టర్న్‌టేబుల్ బాగానే ఉంది!

ముందు స్ట్రోబ్ డిస్క్ (టర్న్‌టేబుల్ వేగం సరిచూసే గీతల చక్రం) పెట్టి చూశాను. నిమిషానికి 33⅓ చుట్ల వేగాన్ని చూపే గీతలు కదలకుండా నిలబడ్డాయి. తర్వాత మీలో ఒకరు చెప్పినట్టు రెండో సైడ్ పోల్చాను. రెండు కాపీల్లోనూ ఒకే శ్రుతి. అక్కడే అసలు విషయం దొరికింది. మొదటి సైడ్‌లోని మూడు ట్రాకులూ 1959 మార్చి 2న రికార్డయ్యాయి. ఆ రోజు మాస్టర్ టేప్ మెషిన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును సరైన వేగంతో ప్లే చేస్తే శ్రుతి పెరుగుతుంది. రెండో సైడ్ ఏప్రిల్ 22న చేసింది, దానికి ఈ సమస్య లేదు. 1990లలో, మొదటి సైడ్ రికార్డయిన రోజే పక్కన సరిగ్గా తిరిగిన రెండో మెషిన్ టేపు నుంచి దీన్ని సరిచేశారు. నా కొత్త కాపీ అలా సరిచేసినదే.

కీబోర్డు దగ్గర పెట్టుకుని కూడా చూశాను. మొదటి సైడ్‌లోని 'సో వాట్' కొత్త కాపీలో చక్కగా డి (D) స్వరం మీద కూర్చుంది, పాతదాంట్లో డికీ, దాని పై స్వరం ఈ-ఫ్లాట్ (E♭)‌కీ మధ్య ఎక్కడో ఉంది.

రాత్రంతా కొత్తదే వింటున్నాను. పాల్ చాంబర్స్ బేస్ ఇంకాస్త బరువుగా, నింపాదిగా ఉంది. మైల్స్ సోలో మొదలయ్యే చోట జిమ్మీ కాబ్ సింబల్ దెబ్బకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పాత కాపీని మాత్రం ఎవరికీ అమ్మేది లేదు, నేను జాజ్ వినడం మొదలుపెట్టింది దానితోనే.